మెలికలు తిరిగే తోవ

హలో… ఆ, నేనే, వైకుంఠాన్ని. ఇంట్లనే ఉన్న. చెప్పు బాలకిషన్…

గుడి కాడికా? పద్యాలు చదువుడుకా?… వస్త. బోనాల ఘటం మా గల్లీకి వచ్చిపోనీ, దాని ఎనుకనే వస్త…

ఆ, కరపత్రం ఇప్పుడే చూసిన. ‘అమ్మవారి ఘటం గల్లీ గల్లీ మెలికలు తిరుగుతూ ఊరేగును’ అని కదా నేను రాసిచ్చిన? ఇందుల ‘మెయిన్ రోడ్డున నేరుగా సాగును’ అని ఉన్నది. ఎవరు మార్చిండ్రు?… నువ్వేనా?

మెలికలంటే పాము యాదికొస్తదా?… పాము ఒక్కటేనా బిడ్డా? తీగ పందిరి మీద మెలికలు తిరుగుతది. కొత్తకోడలు సిగ్గుతోని తిరుగుతది. మన మూసీ గట్లనే పారుతది. నేరుగ పోయేదానికి రెండు కొసలే అందుతయి. మెలికలు తిరిగితే నడుమ ఉన్నోళ్లందరు అందుతరు…

మాట కోసం కాదా? మరి?…

ఓహో. డీజే బండి గల్లీల తిరగదు. అమ్మకు తోవ బండి చెప్పాలెనా?

ప్రతి గడపల ఘటం ఆగాలె. ఎత్తినోళ్ల కాళ్ల మీద వేపాకు వేసిన పసుపు నీళ్లు సాకగ పోయాలె. ఇది మన తాతల నాటి పద్ధతి కాదా?…

మా సత్తెమ్మక్కనా?… ఆటోల రోడ్డు మీదికి తేవాల్నా? నడుము పడిపోయి ఏడేండ్లాయె! పొద్దుగాల నేనే ఎత్తుకొచ్చి గడపల కూసోబెట్టిన…

నవ్వకు. మీ అమ్మకు చూపు పోయిననాడు, ఆమె చేతులు తాకేదాక మీ గడప ముందు ఘటాన్ని నిలబెట్టినం. మరిచినవా?…

సరే, డీజేను రోడ్డు మీదనే ఉంచు. ఘటం ఒక్కటే రానీ. డప్పు సుత వద్దు. బతిమాలుతున్న బిడ్డా…

ఎందుకు కాదు?…

దాటిపోయిందా?… గుడి కాడికి చేరిందా…

ఆగు, అక్క పిలుస్తున్నది.

ఏందక్కా?… రాలేదు, ఇంకా రాలేదు… పక్క గల్లీల ఉన్నదట. వస్తున్నది.

విన్నవా బాలకిషన్? నలభై ఏండ్లు దేవుని పద్యాలు పలికిన నోరు ఇది. ఏమన్నదో విన్నవా?

పద్యాలా?… ఈ నోటితోనా? ఇంకెవరినన్న చూసుకో…

పెట్టేస్తున్న. అక్క మళ్ల అడుగుతున్నది.