దర్శనం ఉందన్నారుగా

ఆరాధనకు ముందు, చర్చి పక్కగదిలో పాస్టరుగారు తెల్లని అంగీకి గుండీలు పెట్టుకుంటున్నారు. సంఘ కార్యదర్శి తలుపు సందులోంచి తొంగిచూస్తున్నాడు.

"అయ్యగారూ, వెనక బల్లల దాకా నిండిపోయారు."

"ఇవాళేంటయ్యా ఇంతమంది?"

"మీకు దర్శనం కలిగిందని ఊరంతా తెలిసిపోయింది కదండీ."

"దర్శనం ఉందన్నాను, కనిపించిందనలేదు! పక్క ఖాళీ స్థలంలో బడి కట్టాలన్న ఆలోచనయ్యా అది. నాయకుడికి దర్శనం, అదే విజన్, ఉండాలి, దాన్ని సంఘానికి చెప్పాలి అని పాస్టర్ల శిక్షణలో నేర్పారు."

"ఆలోచన అనే అనుంటే పోయేది."

"మనం లూథరన్లం. బైబిలు వాక్యం చాలు మనకి, దర్శనాలెక్కడివి? ఇవాళ ప్రసంగంలో అదే చెప్పేస్తాను."

"చెప్పండి. కాకపోతే ఆ స్థలం మన కుట్టుమిషనమ్మది కదా, నిన్న బడికి రాసిచ్చేసింది."

"అప్పుడే రాసిచ్చేసిందా!"

"ముందు బల్ల మీదే కూర్చుంది. మిమ్మల్ని ఒక్కటే అడగాలట. ఆ దర్శనం వెలుగులో, చనిపోయిన వాళ్లబ్బాయి ఎక్కడైనా కనిపించాడా అని."

పాస్టరుగారు పై గుండీ పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు.

"ఈ గదికి ఇంకో తలుపు లేదు కదూ?"

"లేదయ్యగారూ. ఉన్నదొక్కటే. చర్చిలోకే."