హార్లన్ మీద గుడ్డ విసిరిన డెల్మార్

ఆ టీవీని అలా తిట్టకే టెస్సా, దానికేం తెలుసు పాపం. వచ్చి కూర్చో. గిన్నెలో చిల్లీ కూర చల్లారిపోతోంది, ఆ సినమన్ రోల్ ముంచుకుని ముందు నాలుగు ముద్దలు తిను. ఏంటీ, రెఫరీలందరూ అమ్ముడుపోయారా? పెద్ద ర్యాంకు టీములు గెలిస్తేనే డబ్బులొస్తాయి కాబట్టి వాళ్ళనే గెలిపిస్తారా? మీ నాన్న నీ వయసులో ఇదే సోఫాలో కూర్చుని ఇదే మాట అనేవాడు, పైగా చెప్పు కూడా విసిరేవాడు. నువ్వు నయం. నాకైతే ఆ మాట ఎప్పుడు విన్నా డెల్మార్ ఫ్రీసన్ గుర్తొచ్చి నవ్వాగదు. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయాడు. మెయిన్ వీధిలో ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారే, ఆ కొట్టు అతనిదే. స్నానాల తొట్లు అమ్మేవాడు. తొట్లు, సింకులు, కుళాయిలు. వారమంతా తొట్లు అమ్మడం, శనివారం వస్తే చారల చొక్కా తొడుక్కుని, తప్పు చేసినవాళ్ళ మీదకి విసిరే పసుపు గుడ్డ జేబులో దోపుకుని, తెల్లటోపీ పెట్టుకుని కాలేజీ ఫుట్‌బాల్ ఆటలకి పెద్ద రెఫరీగా వెళ్ళడం. అప్పట్లో రెఫరీలంతా అంతేగా, ఒకడు పళ్ళ డాక్టరు, ఒకడు బడిపంతులు, ఒకడేమో శవపేటికలు చేసేవాడు. డెల్మార్ చూడ్డానికి ఏముండేవాడు కాదు, పొట్టి, మెడ లేదు, బాతులా నడిచేవాడు. కానీ ఆ తెల్లటోపీ నెత్తిన పెట్టాడంటే మాత్రం చర్చిలోకి బిషప్పుగారు వచ్చినట్టుండేది. నేను అతని డ్రైవర్ని. అంటే జీతానికి కాదే, అతనికి కారెక్కితే నిద్రొస్తుంది, నాకేమో ఊళ్ళు తిరగడం సరదా, పైగా ఆట ఊరికే చూడొచ్చు.

సరే, అసలు సంగతి. డెల్మార్ భార్య ఎర్మా. ఆవిడ మామూలు మనిషి కాదు తల్లీ. మా ఊళ్ళో ఫుట్‌బాల్ గురించి ఎర్మాతో వాదించి గెలిచిన మగాణ్ని నేను చూళ్ళేదు. ఒకరోజు ఇదే మాట, నువ్వన్న మాటే, మొగుడి మొహం మీదే అనేసింది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక భోజనాల దగ్గర, నేనూ మీ నాయనమ్మా కూడా ఉన్నాం. "డెల్మార్, నువ్వు పెద్దోళ్ళ పక్షం" అంది, బంగాళదుంపలు వడ్డిస్తూనే. డెల్మార్ చెంచా కింద పెట్టేశాడు. "నేనా? ఒక్కడు నా చేతిలో ఒక్క సెంటు పెట్టాడని చూపించు" అన్నాడు. "సెంటు మాట నేనెత్తలేదే. నీ గుడ్డ చిన్న టీము మీదకి తొందరగా పోతుంది, పెద్ద టీము మీదకి నెమ్మదిగా పోతుంది అంటున్నా." "నా కంటికి ర్యాంకులు కనపడవు ఎర్మా, చేతులూ కాళ్ళే కనపడతాయి." ఎర్మా మారు మాట్లాడలేదు. నాకప్పుడే భయమేసింది. ఆవిడ మాట్లాడకపోతే ఏదో వండుతున్నట్టే లెక్క, పొయ్యి మీద కాదు.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం మా అందర్నీ రమ్మంది. వెళ్ళి చూద్దును కదా, ముందు గదిలో కర్టెన్లన్నీ వేసేసి ఉన్నాయి, గోడకి మంచం దుప్పటి కట్టేసి ఉంది, ఎదురుగా ప్రొజెక్టరు. ఎర్మా తమ్ముడు హైస్కూల్లో కోచ్‌గా చేసేవాడులే, వాడి దగ్గర్నుంచి పాత ఆటల ఫిల్ములు తెప్పించింది. ఇరుగూ పొరుగూ అంతా పేలాల గిన్నెలు పట్టుకుని నేల మీద కూర్చున్నారు, పెళ్ళికొచ్చినట్టు. డెల్మార్ మెడలో ఈల. "తప్పు కనపడగానే ఊదాలి, అంతే" అంది ఎర్మా. "నల్ల చొక్కాలవాళ్ళు దేశంలో మూడో ర్యాంకు. తెల్ల చొక్కాలవాళ్ళు ఎవరో పాపం, వాళ్ళని ఎవరూ ఎరగరు." బొమ్మేమో మసకమసగ్గా ఉంది, వాన కురుస్తున్నట్టు గీతలు. మొదలుపెట్టాడు డెల్మార్. తెల్ల చొక్కా వాడు చెయ్యేస్తే ఈల, తెల్ల చొక్కా వాడు తోస్తే ఈల. పక్కింటి కుక్క ప్రతి ఈలకీ అరుపు. మీ నాయనమ్మ చెవుల్లో పేలాలు పెట్టుకుంది, నిజంగా. సగం అయ్యాక ఎర్మా ప్రొజెక్టరు ఆపి, ఆ డబ్బా మీది చీటీ దగ్గరగా పెట్టుకుని చదివి, "అయ్యో, నేను తిరగేసి చెప్పానండీ. ర్యాంకు తెల్ల చొక్కాలది, నల్ల చొక్కాలది కాదు" అంది. మొహంలో ఒక్క కండ కదిలితే ఒట్టు. మళ్ళీ ఆడించింది. ఇంకేముంది, ఈల నల్ల చొక్కాల మీదకి తిరిగిపోయింది. అవే మొహాలు, అవే చేతులు, అదే ఆట. మొదట నేనే గమనించి నవ్వాపుకోలేకపోయాను, తర్వాత మీ నాయనమ్మ, తర్వాత గది మొత్తం. డెల్మార్ ఒక్కడే నవ్వలేదు. ఈల నోట్లోనే ఉంది, ఊదడం ఆగిపోయింది. "ఎర్మా, ఇంతకీ వీళ్ళెవరు?" అన్నాడు చివరికి. "మిన్నెసోటాలో ఎక్కడో రెండు చిన్న కాలేజీలు. ర్యాంకు మాట అటుంచు, వాటి పేర్లు వాళ్ళ ఊరి పోస్టుమాన్‌కి తెలిస్తే గొప్ప" అంది ఎర్మా. అని, వెళ్ళి ఆపిల్ పై కోసుకొచ్చి పెద్ద ముక్క అతనికే పెట్టింది. అతను ముట్టుకోలేదు. డెల్మార్ పై వద్దనడం నేను చూడ్డం అదే మొదలు, అదే ఆఖరు.

ఇప్పుడు డబ్బుల మాటకి వస్తా, ఆగు. నువ్వడిగింది అదేగా. ఆ ఏడు హార్లన్ యూనివర్సిటీ దేశంలోనే రెండో ర్యాంకు. ఇంకొక్క ఆట గెలిస్తే కొత్త సంవత్సరం నాటి పెద్ద బౌల్ ఆటకి, అదే, సీజను ఆఖర్న గొప్ప టీములకే దక్కే ఆటకి పోతారు. ఆ బౌల్ డబ్బు హార్లన్ ఒక్కదానికే రాదు, లీగులో ఉన్న కాలేజీలన్నీ పంచుకుంటాయి. ఏ ఆటకి ఏ రెఫరీని పంపాలో చూసేది కూడా ఆ లీగు ఆఫీసే. ఎదురాడేది డ్రై ఫోర్క్ అని చిన్న కాలేజీ. తమాషా ఏంటంటే వాళ్ళకీ ఆ డబ్బులో వాటా ఉంది. వాళ్ళ జిమ్ము పైకప్పు కారిపోతోంది, హార్లన్ చేతిలో ఓడిపోతే కొత్త పైకప్పొస్తుంది, గెలిస్తే బకెట్లు పెట్టుకోవాలి. ఆట పొద్దున రెఫరీల గదికి లీగు ఆఫీసు నుంచి ఒకాయనొచ్చాడు. మంచి కోటు, పైపు పొగాకు వాసన. నేను డెల్మార్ బూట్లు అందిస్తూ అక్కడే ఉన్నాను. తప్పు మాట ఒక్కటీ అనలేదు ఆయన, అది ఒప్పుకోవాలి. డెల్మార్ భుజం మీద చెయ్యేసి, "ఈ సీజను చక్కగా ముగిస్తే మనందరికీ మంచిదే కదా డెల్మార్. బౌల్ ఆటకి తెల్లటోపీ ఎవరికిద్దామా అని చూస్తున్నాం" అన్నాడు. అంతే. నవ్వేసి వెళ్ళిపోయాడు. డెల్మార్ బూటు తాడు కడుతూ నాతో, "ఆర్లో, ఆయనేమన్నా అన్నాడా?" అన్నాడు. "ఏమీ అనలేదు" అన్నాను. "నేనూ అదే అనుకుంటున్నా" అన్నాడు.

ఇక ఆట చూడాలి నువ్వు. స్టేడియం అంతా హార్లన్ వాళ్ళే, ఎర్రటి సముద్రం. డ్రై ఫోర్క్ వాళ్ళు ఒక మూల గుప్పెడు మంది, దుప్పట్లు కప్పుకుని. కానీ ఆ పిల్లలు ఎంత బాగా ఆడారే. ఆఖరి నిమిషానికి నాలుగు పాయింట్లు ముందున్నారు డ్రై ఫోర్క్ వాళ్ళు. బంతి హార్లన్ చేతిలో. టచ్‌డౌన్ కొడితే, అంటే బంతితో ఆ చివరి గీత దాటితే, ఆరు పాయింట్లు, హార్లన్ గెలిచినట్టే, బౌల్ వాళ్ళదే. బంతి విసిరారు, వాళ్ళ కుర్రాడు గాల్లోకి లేచి పట్టుకుని గీత అవతల పడ్డాడు. స్టేడియం ఊగిపోయింది. బ్యాండు మేళం మొదలెట్టేశారు. నా పక్కనున్న ముసలావిడ, ఎవరో ఏమో, నన్ను ముద్దు పెట్టుకుంది, నేనూ వద్దనలేదు, మీ నాయనమ్మకి చెప్పలేదు. అప్పుడు చూశాను. గడ్డి మీద పసుపు గుడ్డ. డెల్మార్ది. హార్లన్‌లో డ్వేన్ కోబ్లర్ అని ఒక కొండ ఉండేవాడు, ముందు వరసలో. ఎదుటివాణ్ని చొక్కా పట్టుకుని ఆపేశాడట, అది తప్పు, కాబట్టి టచ్‌డౌన్ చెల్లదు. వెనక్కెళ్ళి మళ్ళీ ఆడమన్నాడు. మళ్ళీ ఆడారు, ఈసారి బంతి నేలపాలైంది. అయిపోయింది హార్లన్ పని. బ్యాండు వాళ్ళు పాట మధ్యలో ఒక్కొక్కరే ఆపేశారు, ఆఖర్న ఒక్క పెద్ద బాకా మాత్రం పాపం చూసుకోకుండా ఊదుతూనే ఉంది. ఆ తర్వాత, బౌల్‌కి పోతున్నామని గుర్తుగా జనం తెచ్చుకున్న నారింజపళ్ళు వచ్చి పడ్డాయి చూడు మైదానంలోకి, వాన. నేను కారు స్టార్టు చేసి గేటు దగ్గర గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపటికీ రాడే. చివరికి బ్యాండువాళ్ళ వ్యానొచ్చి ఆగింది, వెనక తలుపు తీశారు, బాకాల మధ్యలోంచి డెల్మార్ దిగాడు, జనం గుర్తుపట్టకుండా ఒంటి మీద బ్యాండు కోటు, నెత్తిన ఇంత పొడుగు ఈకల టోపీ. కారెక్కి కూర్చుని, "పోనియ్" అన్నాడు. ఆ రోజొక్కనాడే నిద్రపోలేదు. ఇంటి దాకా కిటికీలోంచి చూస్తూ, మధ్యమధ్యలో తనలో తనే నవ్వుకుంటున్నాడు, ఈకలు ఊగుతున్నాయి.

మన ఊరంతా హార్లన్ పిచ్చోళ్ళేగా, తెలుసుగా నీకు. సోమవారం నుంచి ఆ కొట్టులోకి ఒక్కడు అడుగు పెడితే ఒట్టు. మంగలివాడు జుట్టు కత్తిరించనన్నాడు. పాస్టరుగారు కూడా పలకరింపు కుదించేశారు. కుళాయి కారితే కారనీ అని గిన్నె పెట్టుకున్నారు గానీ డెల్మార్ దగ్గర వాషరు కొనలేదు జనం. అలా ఉండగా ఒక శుక్రవారం మెయిన్ వీధిలో హారన్లు. చూస్తే ట్రక్కులు, ఒకదాని వెనక ఒకటి. డ్రై ఫోర్క్ రైతులు. అంత దూరం నుంచి తొట్లు కొనడానికొచ్చారు, డెల్మార్ దగ్గరే కొంటామని. అందరికీ తొట్లు అవసరమా ఏంటి, వాళ్ళలో ఒకాయన "పందులకి నీళ్ళు పెట్టుకుంటాను, మీరు ఇవ్వండి చాలు" అన్నాడు. ఎర్మా మొహం దీపంలా వెలిగిపోయింది. డెల్మార్ తలుపుకి అడ్డం నిలబడి, "అమ్మను" అన్నాడు. "ఏం?" "నేను వేసిన గుడ్డ మీకు కలిసొచ్చింది. మీరు నా దగ్గర కొంటే అది దేని కోసం వేసినట్టవుతుంది? వెళ్ళి రండి బాబూ, కాఫీ తాగి వెళ్ళండి." ఎర్మా కొట్టు మధ్యలో నిలబడి, "మూర్ఖుడా, తొట్లమ్మడంలో కూడా ర్యాంకు లేనివాళ్ళ మీదేనా నీ పక్షపాతం" అని అరిచింది. ఆ రైతులు నవ్వి నవ్వి, కాఫీలు తాగి, ఖాళీ ట్రక్కులతో హారన్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయారు. ఎర్మా రెండు రోజులు అతనితో మాట్లాడలేదు, తర్వాత మా ఇంటికొచ్చి మీ నాయనమ్మ దగ్గర కూర్చుని ఆ మాట చెప్పి చెప్పి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

ఆ కొండ కూడా వచ్చాడే, డ్వేన్ కోబ్లర్. డిసెంబర్లో. గుమ్మంలోంచి దూరాలంటే పక్కకి తిరగాల్సొచ్చింది వాడు. నేనక్కడే ఉన్నాను, సింకు వెనక్కి జరిగాను, అబద్ధమెందుకు. వాడు టోపీ తీసి చేత్తో నలుపుతూ, "మిస్టర్ ఫ్రీసన్, ఒకటి అడగాలి" అన్నాడు. "అడుగు." "నేను పట్టుకున్నాను, నిజమే. నాలుగేళ్ళ నుంచీ పట్టుకుంటూనే ఉన్నాను. మీరే రెఫరీగా ఉన్న ఆటల్లో కూడా. ఆ రోజే ఎందుకు కనపడింది మీకు?" డెల్మార్ చేతిలోని కుళాయి కింద పెట్టాడు. "మా ఆవిడ చూపించింది బాబూ. నీ చొక్కా రంగు చూసి, నువ్వు మంచి ఆటగాడివి, నువ్వు చేస్తే తప్పై ఉండదులే అనుకునేవాణ్ని. క్షమించు" అన్నాడు. వాడు తలూపి, వెళ్ళబోయి ఆగాడు. "మా అమ్మకి తొట్టె కావాలి" అన్నాడు. డెల్మార్ మొహం చూడాలి. "నీకు అమ్మొచ్చు" అన్నాడు, "నువ్వు ఓడిపోయావు." తగ్గించి ఇవ్వడం మాత్రం కుదరదన్నాడు, కాలేజీ ఆటగాడికి తగ్గింపిస్తే రూలు ఒప్పదట. అమ్మదీ తనంత ఒళ్ళేనట, పడుతుందో లేదో చూడాలని వాడు బూట్లతో సహా తొట్లో పడుకున్నాడు, ఇరుక్కుపోయాడు. నేనూ, డెల్మారూ, ఎర్మా, ముగ్గురం చేతులు పట్టి లాగాం, ఎర్మా అయితే ఈల కూడా ఊదింది. ఆ చలికాలమంతా డెల్మార్ అమ్మిన తొట్టె అదొక్కటే. అదీ వాడు ఇరుక్కున్నదానికంటే పెద్దది తెప్పించి ఇచ్చాడు.

బౌల్ ఆటకి తెల్లటోపీ వేరే ఎవరికో ఇచ్చారు. తర్వాత పెద్ద ఆటలూ ఇవ్వలేదు. తీసేశామని ఉత్తరం లేదు, ఫోను రావడం మానేసింది, అంతే. అప్పుడు ఎక్కడెక్కడో ఊరూ పేరూ లేని కాలేజీల ఆటలకి పోయేవాళ్ళం, బెంచీల మీద అమ్మానాన్నలూ నాలుగు కుక్కలూ. ఎంత సంతోషంగా ఉండేవాడో. అందరి మీదా గుడ్డ విసిరేవాడు, ఇద్దరు కోచ్‌లూ కలిసి తిట్టేవాళ్ళు, "ఇది రా న్యాయం" అని కారెక్కి గురకపెట్టేవాడు. ఒకసారి అలాగే మంచులో వస్తున్నాం. నిద్రపోయాడనుకున్నా. నేను ఊరికే, తోచక, "డెల్మార్, నిజం చెప్పు, అప్పట్లో పెద్దోళ్ళవైపు చేసింది డబ్బు కోసమేనా, లీగు కోసం?" అన్నాను. కళ్ళు తెరవలేదు. "ఎవరైనా డబ్బిచ్చి ఉంటే ఎంత బాగుండేది ఆర్లో. మొహాన కొట్టేవాణ్ని" అన్నాడు. కాసేపాగి, "ఎవరూ ఇవ్వకుండానే చేశాను చూడు. అది ఎవరి మొహాన కొట్టను?" అన్నాడు. అద్దం తుడిచే పుల్లలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఆ వసంతంలోనే పోయాడు.

...

ఏంటే, మూడో క్వార్టరు మొదలైందా? సౌండు పెంచు.