తుపానుకు ఎదురుపోయినోడు

సముద్రానికి చాలా దూరంలో, వల్లూరు సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే అక్క, తుపాను వీడియో తీయడానికి మచిలీపట్నం పోయిన తమ్ముడికి ఫోన్ చేసింది.

"యాడుండావురా?"

"సముద్రం గట్టు కాడ ఉండానక్కా. ఇంకో గంటలో తుపాను ఈడే తీరం దాటుతాది."

"పోలీసులు అందర్నీ పంపించేసినారంట కదా?"

"పంపించినారు. నేను చాటుగా ఉండిపోయినా. ఇంత దగ్గర్నుంచి ఎవురూ తీయలేదక్కా."

"వెనక్కి పోరా. నీకు ఈత గూడా రాదు."

"పోదామనే చూస్తి. దారి మీదికి నీళ్లొచ్చేసినాయి. ఒక మిద్దె ఎక్కినా."

"ఎవురికి ఫోన్ చేయాలో చెప్పప్పా, చేస్తాను."

"అందరికీ చేసినా. గాలి తగ్గితేనే రాగలమన్నారు. నువ్వు ఫోన్ పెట్టొద్దక్కా."

ఆమె పెట్టలేదు. తమ్ముడి మాట వినిపించకపోయినా, ఎర్రటి ఎండలో నిలబడి, లైను తెగిపోయేదాకా ఆ గాలి హోరే వింటూ ఉండిపోయింది.