ఓబులేసు బయటికి పోయినాడు

జమ్మలమడుగులో ఓబులేసు ఇంటి వసారా. మండలాధ్యక్ష ఎలక్షన్లు దగ్గరపడ్డ రోజులు. ట్యూషన్లు చెప్పిన పౌలు సారు భార్య రూతమ్మ పొద్దున బస్సుకు ప్రొద్దుటూరు నుంచి వచ్చి, తెల్లచీర కొంగు సర్దుకుని, ఓబులేసు తల్లి గురవమ్మ చూపించిన కుర్చీలో అంచు మీద కూర్చుంది. కోడలు భారతమ్మ గడప దగ్గర నిలబడి ఉంది.

“...నా కోడలికి ఇంగ్లీషు నేర్పిచ్చి పోయినాడు గానీ మీ సారు, నా బతుకు బజార్న పడింది రూతమ్మా. నేను జాలాట్లోనుంచి బయటికొస్తే చాలు, ‘మదరిన్‌లా హ్యాజ్ కమ్ ఔట్ ఆఫ్ ద బాత్రూమ్’ అని అరుస్తాది. ఊరికంతా దండోరా.”

“అది పాఠమత్తా.”

“ఏం పాఠమే? కోడి హ్యాజ్ గాన్ ఔట్ ఆఫ్ ద గంప. పిల్లి హ్యాజ్ రన్ అవే ఫ్రమ్ ద వంటిల్లు. పొద్దుగూకులూ పోయినోళ్ల లెక్కే. ఇంటికొచ్చినోళ్లను కూచ్చోమనే మాట ఒక్కటన్నా నేర్పినాడా?”

“రేపు మండలాఫీసులో ‘ఫలానా ఆయన ఉండాడా, బయటికి పోయినాడా’ అని ఆఫీసర్లు ఇంగ్లీషులోనే అడుగుతారంట. అందుకని నేర్పినాడత్తా.”

“ముందు గెలువు. సీటు ఆడోళ్లకు పోయిందని నా కొడుకు నిన్ను నిలబెట్టినాడు గానీ, గంపలో కోడి నిలబడినా గెలుస్తాది వాడు చెప్తే.”

“పెద్దమ్మా, నేను నవ్వనీకి రాలేదు. ఓబులేసును పిలువు.”

“ఓబులేసు ఇప్పుడే బయటికి పోయినాడు రూతమ్మా.”

“మరి లోపల దగ్గుతాండేది ఎవురు?”

“బర్రె.”

“బర్రె చుట్ట తాగుతాదా పెద్దమ్మా? వాసనొస్తాంది.”

“...సరేలే. నీ దగ్గర దాచేదేముంది. ఈ ఇంటి కట్టుబాటు అది, మా మామ కాలం నుంచీ. మొగోడు ఇంట్లో ఉంటే బయటికి పోయినాడనల్ల. బయటికి పోయింటే లోపల పండుకోనుండాడనల్ల. అడిగింది దేవుడైనా అంతే. మా మరిది పెండ్లాం ఒకతూరి ఫోన్లో నిజం చెప్పింది. సాయంత్రానికి బొట్టు పోగొట్టుకునింది.”

“మా ఇంట్లో అట్లాంటి కట్టుబాటు లేదు పెద్దమ్మా. సారు మా వీధి కొళాయి కాడికి పోయినా నాతో చెప్పే పోతాండె. ప్రాణం పోయిన పొద్దు మాత్రం చెప్పలేదు.”

“ఆ దేవుడు అట్ల రాసిపెట్టినాడు, ఏం చేస్తాం.”

“దేవుడు కాదులే రాసింది. ప్రొద్దుటూరు దావలో వంక మలుపు కాడ బాంబులు పెట్టుకోని కూచ్చున్నోళ్లు. వాళ్లు కాపు కాసింది మా సారు కోసం కాదు గదా? మీ కొడుకు కోసం.”

“కాదని నేనన్నానా?”

“మీ కొడుకు అంటాండేదే వేరే. ‘నా జీపును వాళ్లకు చూపించనీకే పౌలు ఆడ నిలబడినాడు, గుర్తుపట్టక వాళ్లే ఏసేసినారు’ అని. ఆదివారం చర్చిలో సారు జ్ఞాపకంగా ఆదరణ కూడిక పెట్టుకున్నాం. ఎవురూ వచ్చేటట్ల లేరు. సారు దగ్గర చదువుకున్నోళ్లు కూడా నన్ను చూసి పక్క సందులోకి తిరుక్కుంటాండారు.”

“నా కొడుకు ఒక్కడేనా, పార్టీ అంతా అంటాంది. ట్యూషన్లు చెప్పుకునే మనిషికి ఆ మలుపులో ఏం పని? వచ్చే జీపులకల్లా చెయ్యి అడ్డం పెడతాండెనంట!”

“అదే నేనూ అడగనీకొచ్చినా. రహమతుల్లా ఉండాడు గదా...”

“యా రహమతుల్లా?”

“ప్రొద్దుటూర్లో మా వీధి మొగదాల సైకిలంగడి. ఆడ ఎవురో ఇద్దరు వంక మలుపు సంగతి గుసగుసలాడుకుంటాంటే సారు చెవిన పడింది. ఆ అంగట్లోనుంచే మీ ఇంటికి ఫోన్ చేసినాడు. ఎక్స్‌చేంజీలో వాళ్ల మనిషి వింటాంటాడని ఇంగ్లీషులో మాట్లాడినాడంట. రహమతుల్లాకు ముక్క అర్థం కాలేదు. ఫోన్ పెట్టేసి, స్కూటరెక్కి, ఈ దావ పట్టినాడంట. ఆ ఫోన్లో ఏం చెప్పినారు పెద్దమ్మా?”

“ఆ పొద్దు మా ఫోనే మోగలేదు.”

“అత్తా...”

“నువ్వు పోయి కాఫీ పెట్టు.”

“మోగింది గదత్తా.”

“లైను చెడిపోయుండె. కాఫీ పెట్టుపో అంటి!”

“ఈ ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది ఒక్కరికే పెద్దమ్మా. ఆ పిల్లనే చెప్పనీ.”

“చెప్పదు. ఎలక్షన్ అయ్యేదాకా ఏం చెప్పదు. నా కొడుకు ఇంట్లో కూచ్చోని సంగటి తింటాంటే ట్యూషన్ సారు పోయి వానికి బదులు సచ్చినాడని తెలిస్తే ఊర్లో వాని మొగం ఎవురు...”

“...సంగటి తింటాండెనా పెద్దమ్మా?”

“నేనేమంటి? నేనేం అనలేదు. భారతమ్మా, నేనేమన్నా అంటినా?”

“అంటివత్తా.”

“నోరు మూసుకో!”

“సారే చేసినాడు రూతక్కా ఫోను. ‘హ్యాజ్ హి గాన్ ఔట్ ఆఫ్ ద హౌస్?’ అని అడిగినాడు. ఆయప్ప లోపల తింటాండాడు. అత్త నా పక్కనే నిలబడుకోనింది. నేను ‘ఎస్ సార్, హి హ్యాజ్ లెఫ్ట్ ఫర్ ప్రొద్దుటూరు’ అంటి.”

“సారని తెలిసే అంటివా?”

“ఆ గొంతు తెలీకుండా ఎట్ల ఉంటాదక్కా.”

“మీ ఇంటి కట్టుబాటు సారుకూ తెలుసు. మళ్ల ఎట్ల నమ్మినాడు?”

“మొదట్రోజే సారు నాతో మాట తీసుకున్నాడు. ‘తెలుగులో మీ ఇంట్లో ఏమన్నా చెప్పుకోండి. నా పాఠంలో మాత్రం జరిగిందే చెప్పల్ల. కోడి గంపలోనుంచి పోయింటేనే పోయిందనల్ల’ అన్నాడు. అందుకే గదా అత్త ఎనకాలే తిరిగి తిరిగి చెప్తాంటి. ఇంగ్లీషులో నేను ఒక్క అబద్ధం చెప్పలేదక్కా. అదొక్కటే.”

“ఇంట్లోనే ఉండాడని చెప్పింటే...”

“‘బయటికి పోనియ్యాకు’ అని ఒక్క మాట చెప్పి ఇంటికొచ్చింటాడు సారు.”

“జీపుకు ఎదురుపోయి ఆపుదామని పోయినాడు పిచ్చి మనిషి. రాని జీపుకు.”

“రూతమ్మా, అయిపోయిందేదో అయిపాయ. ఎలక్షన్ కానీ. ఓబులేసుతో చెప్పి మీ చర్చికి మంచి మైకు సెట్టు ఇప్పిస్తా.”

“మైకుంది పెద్దమ్మా. దాంట్లో నిజం చెప్పే మనిషే లేదు.”

“నేనొస్తా ఆదివారం.”

“ఏమే! గడప దాటినావంటే చూడు!”

“ఎవురన్నా అడిగితే లోపల పండుకోనుందని చెప్పత్తా. నీకు అలవాటే గదా. రూతక్కా, అందరి ముందరా నేనే చెప్తా.”

“అయితే ఇప్పుడు నాకొక్కటి చెప్పు భారతమ్మా. నువ్వు అట్ల చెప్పినంక సారు ఏమన్నా మాట్లాడినాడా? నాతో ఏం చెప్పకుండానే పాయ. ఆయప్ప ఆఖరు మాట ఏందో నాకు తెలీదు.”

“మాట్లాడినాడక్కా.”

“ఏమన్నాడు?”

“వద్దులేక్కా.”

“చెప్పు తల్లీ.”

“‘వెరీ గుడ్ భారతమ్మా, ఒక్క తప్పు లేకుండా చెప్పినావు’ అన్నాడక్కా, అంత తొందరలో కూడా. తప్పే రూతక్కా. నేను చేసింది తప్పు.”