ముందు ఎవరు గోక్కున్నారు?

డాక్టరమ్మ పాప వేళ్ల సందుల్లో టార్చి వేసి చూసింది. ఆ తర్వాత ఆమె నోట వచ్చిన మాట తన ఇంటి గుమ్మం తొక్కుతుందని పాప తల్లి కలలో కూడా అనుకోలేదు.

“గజ్జేనమ్మా.”

“గజ్జా? మా ఇంట్లో అందరం రెండు పూటలా స్నానం చేస్తామండీ.”

“స్నానంతో పని లేదు. ఒళ్లూ ఒళ్లూ తగిలితే అంటుకుంటుంది. పసివాళ్లకీ, ముసలివాళ్లకీ, ఒక్క గదిలో సర్దుకునేవాళ్లకీ ఎక్కువ.”

“మాది పెద్ద ఇల్లండీ.”

“పాప ఎక్కడ పడుకుంటుంది?”

“మొన్నటిదాకా ఆయాని కరుచుకుని పడుకునేది. అంటించింది ఆవిడే. ఆవిడ గోక్కుంటుంటే చూసి పని మానిపించేశాను.”

“ముందు గోక్కున్నది ఆయానా, పాపా?”

“పాప. కాదు, మా అత్తగారు. ఆసుపత్రిలో ఉండి వచ్చిన దగ్గర్నుంచీ గోక్కుంటోంది. వయసుకి ఒళ్లు పొడిబారిందనుకున్నాం. తర్వాత పాప. ఆ తర్వాత ఆయా...”

చెబుతున్న మాటే తనకి అడ్డం తిరిగింది. ఆమె మళ్లీ మొదట్నుంచి లెక్క చూసుకుంది. అదే వచ్చింది.

“అయితే ఎవరి నుంచి ఎవరికండీ?”

“అది తర్వాత. దురద ఉన్నా లేకున్నా ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మందు రాసుకోవాలి. పాపని ఎత్తుకున్నవాళ్లందరూ.”

“ఆయా కూడానా?”

“ఆమె ఇంట్లోవాళ్లు కూడా. ఎక్కడుంటుంది?”

“ఎప్పుడూ అడగలేదండీ.” తల్లి పాపని భుజం మార్చుకుంది. “ఆవిడ వెళ్లిన దగ్గర్నుంచీ రాత్రంతా ఒకటే ఏడుపు. మందు రాస్తే ఆగుతుందా?”

డాక్టరమ్మ పెన్ను ఆపింది.

“దురదకి ఏడుస్తుంటే ఆగుతుందమ్మా.”