నీళ్ల కింద మా అక్క

ఏదీ, ఇటు తిప్పు ఆ ఫొటో... ఆ, ఈ నవ్వుతున్నది మీ అమ్మమ్మే. నవ్వు కాదమ్మా అది, చలికి పళ్లు కొట్టుకోవడం. పక్కన తువ్వాలు పట్టుకుని దెయ్యాన్ని చూసినట్టు నిలబడిన బక్కపీనుగ ఉందే, అది నేను. నాకు పదకొండు, అక్కకి పదిహేడు. కప్ప ఈత కదా, అందరూ అక్కని 'కప్ప' అనేవాళ్లు. మొదట్లో ఉడుక్కునేది. మూడేళ్లు వరసగా పతకాలు తెచ్చాక ఇంకెవర్నైనా కప్ప అంటే ఉడుక్కునేది!

ఇప్పుడంటే బారబారకీ తల పైకి రావాలి. అప్పుడా రూలు లేదే. పైన కన్నా కింద ఈదితే జోరెక్కువ, ఎవరెంతసేపు మునిగుంటే వాళ్లంత ముందు. ఈత నేర్పే మాస్టారైతే "ఊపిరి పీల్చడం బద్ధకస్తుల పని" అనేవాడు. తను మాత్రం నాలుగు మెట్లెక్కితే రొప్పేవాడులే, మహానుభావుడు. ఇక ఇంట్లో కూడా అదే సాధన. అక్క బకెట్లో మొహం పెట్టేది, నేను పక్కన కూర్చుని అంకెలు లెక్కపెట్టేదాన్ని. వందకి గరిటెతో బకెట్టు మీద కొట్టాలి. వంటింట్లోంచి అమ్మ, "ఏంటే ఆ మోత, బకెట్టుకి సొట్టలు పడతాయ్!" అని అరిచేది. ఒకరోజు కొట్టాను. లేవలేదు. మళ్లీ కొట్టాను. ఊహూ. జుట్టు పట్టి లాగితే పెదాలు నేరేడుపండు రంగు. కళ్లు తెరిచి మొదట అడిగిందేంటో తెలుసా? "ఎంతైంది?" అని. "అమ్మతో అన్నావో, నాలుక కోస్తా" అంది. నేననలేదు. అప్పట్నుంచీ నాకు అన్నం సయించలేదంటే నమ్ము.

అదిగో, అలా ఉండగా పెద్ద పోటీ వచ్చింది. గెలిస్తే దేశం తరఫున వెళ్తుంది. కొలను ఈ చివర్నుంచి ఆ చివరికి నాలుగు పొడవులు ఈదాలి. నేను గట్టు మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని లెక్కపెడుతున్నా. మొదటి పొడవు మొత్తం కిందే. రెండోదీ ముప్పాతిక కిందే. అందరి కన్నా ముందుంది, జనం ఒకటే కేకలు. మూడో పొడవుకి గోడని తన్నింది. ముప్పై... నలభై... కాళ్లు కదలడం లేదు. జారుతోందా, ఆగిపోయిందా? నీళ్లలో ఏం తెలుస్తుంది! బుడగలు కూడా ఆగాయి. పక్కనున్న మాస్టారి చెయ్యి పట్టుకుని గుంజాను. "నోర్ముయ్, గెలుస్తోంది!" అన్నాడు. ఇంక నా వల్ల కాలేదు. గౌనుతోనే దూకేశాను. నాకా, ఈత రాదు!

కొలను కాపలా అతను ఇద్దర్నీ పైకి లాగాడు. నేను నీళ్లు కక్కుతున్నా. అక్క దగ్గుతూ, "ఎందుకు దూకావే? ఎందుకు దూకావ్?" అని అదే మాట. అక్క ఈదే వరసలోకి వేరే మనిషి వచ్చింది కదా, పోటీలోంచి తీసేశారు. మరుసటేడు రూలే మారింది, తల పైకెత్తే ఈదాలని. పైన అక్క మామూలు మనిషే. ఐదో స్థానం, ఆరో స్థానం, తర్వాత మానేసింది. రెండేళ్లు నాతో మాట్లాడలేదు. ఒకే గదిలో, ఒకే మంచం మీద పడుకుంటూ! మాస్టారైతే చచ్చేదాకా నన్ను చూసి "అదిగో, పతకాన్ని ముంచిన పిల్ల" అనేవాడు. తర్వాత మాటలు కలిశాయిలే, పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. కానీ ఆ సంగతి మాత్రం ఎత్తేది కాదు. నలభై ఏళ్లు నాదొకటే బెంగ. అక్క బాగానే ఉందేమో, నేనే పిరికిదాన్నై దాని బతుకు చెడగొట్టానేమో అని.

చివర్లో అక్క ఆసుపత్రిలో ఉన్నప్పుడు తెగించి అడిగేశాను. "అక్కా, ఆరోజు నీకు తెలివుందా?" అని. "గోడని తన్నడం గుర్తుంది. తర్వాత మొహం మీద నీ గౌను. మధ్యలో ఏమీ లేదే" అంది. "మరి ఆ రెండేళ్లూ..." అన్నాను. "కోపం కాదే పిచ్చిదానా. నిన్ను చూస్తే ఆ మధ్యలోది గుర్తొచ్చేది. భయమేసేది" అంది. నా చెయ్యి పట్టుకుని... గోళ్లు దిగేలా...

నీ బస్సు ఎన్నింటికన్నావ్?