జరిమానా వేసే కుర్చీ

కరెంటు కంపెనీలు తప్పు చేస్తే జరిమానా వేసే ఆఫీసు అది. అధికారి సంతకం పెట్టబోతుంటే పాత గుమాస్తా కాగితం మీద అరచెయ్యి ఆనించాడు.

"అయ్యా, ఇది ఉత్తర్వా, తీర్పా?"

"ఏదైతే నీకేంటయ్యా? ఈ కంపెనీవాళ్లు మూడు రోజులు ఊరంతటికీ కరెంటు ఆపేశారు. వాళ్లకి పడాల్సిందే."

"ఉత్తర్వైతే ఇప్పుడే పంపేయొచ్చండీ. శిక్ష వేస్తున్నాం కాబట్టి తీర్పే అంటుంది కోర్టు. తీర్పైతే వాళ్ల మాట వినాలి, కారణం రాయాలి. లేకపోతే కొట్టేస్తుంది."

"కారణం రాశాగా!"

"రాశారు. 'ఫ్రిజ్‌లో చేపలు కుళ్లిపోతే మా ఆవిడ నన్ను వరండాలో పడుకోబెట్టింది' అని."

"అబద్ధమా?"

"నిజమే. అదే చిక్కు. నష్టపోయినవాడు తీర్పు చెప్పే కుర్చీలో కూర్చోకూడదండీ."

"అయితే నువ్వు కూర్చో."

"మా ఇంట్లో పాలు విరిగాయండీ."

"పక్క గది ఆఫీసరు?"

"లిఫ్టులో ఇరుక్కున్నారు కదా. ఇప్పటికీ కంపెనీని తిడుతూనే ఉన్నారు."

"ఇంత ఊళ్లో కరెంటు పోని ఇల్లు ఒక్కటీ లేదా?"

"ఒక్కటుందండీ."

"బతికించావు! ఆ ఇంటాయన్ని పిలిపించు. ఈ కుర్చీలో నేనే కూర్చోబెడతాను."

"కంపెనీ మేనేజరుగారండీ."